పదకొండో ఫ్రెట్ దగ్గర దోమ

క్లాసికల్ గిటార్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ఏదో ఒకరోజు 'రొమాన్స్' దగ్గరికి వచ్చి ఆగుతారు. ఎవరు కట్టారో ఇప్పటికీ తేలని చిన్న రచన అది. 1952లో వచ్చిన 'జూ ఆంతెర్ది' అనే ఫ్రెంచి సినిమాలో నార్సిసో యెపెస్ వాయించాక దేశదేశాలా పాకింది. పేరు వినకపోయినా మొదటి నాలుగు స్వరాలు వింటే "ఓ, ఇదా!" అంటారు. కుడిచేతికి అందులో పెద్ద పరీక్షేం లేదు, మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకటే అల్లిక. పరీక్షంతా ఎడమచేతికి, అందులోనూ ముఖ్యంగా ఒకచోట. ఏడో ఫ్రెట్ దగ్గర చూపుడు వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పరవాలి (దీన్నే బారే అంటారు). దాన్ని కదపకుండా చిటికెన వేలితో మొదటి తీగ మీద పదకొండో ఫ్రెట్ అందుకోవాలి.

నేను అందుకునేవాణ్ణి. కానీ అక్కడ "టింగ్" అనాల్సింది "జ్‌జ్‌జ్" అనేది. మా రూమ్మేట్ మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటూనే రోజూ సరిగ్గా అదే చోట అనేవాడు: "ఒరేయ్, దోమ వచ్చిందిరా."

దోమని చంపాలంటే గట్టిగా నొక్కాలి అనుకున్నా. రెండు నెలలు గట్టిగా నొక్కా. దోమ పోలేదు సరికదా, బండి నడుపుతూ క్లచ్ పట్టుకుంటే ఎడమచేతి బొటనవేలి మొదట్లో సూది గుచ్చినట్టు నొప్పి మొదలైంది. తర్వాత వాటర్ బాటిల్ మూత తిప్పినా నొప్పే. డాక్టర్ దగ్గరికెళ్తే చేయి అటూ ఇటూ తిప్పి చూసి, "మూడు వారాలు ఆ గిటారు ముట్టుకోకు. ముట్టుకుంటే ఆర్నెల్లు ముట్టుకోలేవు" అన్నారు. ఆ మూడు వారాలూ గిటారు కవర్లో, కవరు మంచం కింద. జీవితంలో మొదటిసారి నాకై నేను ఎంచుకుని నేర్చుకుంటున్న విషయం అది. ర్యాంకు కోసం కాదు, ప్లేస్‌మెంట్ కోసం కాదు. అది కూడా పోతుందేమోనని నిజంగానే భయమేసింది.

ఇప్పుడు ఏడాది దాటింది. నొప్పి లేదు. మన క్యాంపస్‌లో గిటారు పట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, నేను చేసిన తప్పే చేస్తున్న చేతులు నాకు కారిడార్‌లో నడుస్తుంటేనే కనిపిస్తున్నాయి. అందుకే ఈ వ్యాసం.

మూడు వారాలయ్యాక ఒక సార్ దగ్గరికి వెళ్ళా. ఆయన నన్ను వాయించమని ఒక్క నిమిషం విని, "బొటనవేలు తీసెయ్యి" అన్నారు.

"ఎక్కడికి తీయమంటారు సార్?"

"ఎక్కడికైనా తియ్యవయ్యా. గాల్లో పెట్టు. వెనక ఆనించకుండా నొక్కు."

ఆనించకుండా నొక్కడమేంటి, గిటారు వెనక్కి తిరిగిపోదూ అనుకున్నా. తిరగలేదు. కుడి ముంజేయి గిటారు పెట్టె మీద ఆనుకుని ఉంటుంది కదా, అది పెట్టెని ఛాతీకేసి నొక్కిపెడుతుంది. ఎడమచేతిని భుజం నుంచి వదిలేస్తే, చేతి బరువే వేళ్ళ కొక్కేలకి వేలాడి తీగని నొక్కుతుంది. చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడేటప్పుడు బొటనవేలితో పనేముంది? అలాగన్నమాట. మొదటి రోజు అయిదో ఫ్రెట్ దగ్గర మూడో తీగ మీద ఒక్క స్వరం అలా మోగించా. శుభ్రంగా మోగింది. రెండు నెలలపాటు బొటనవేలూ చూపుడు వేలూ కలిపి పట్టకారులా పిండిన పిండుడంతా వృథా అని అప్పుడర్థమైంది. బారే దగ్గరైతే పూర్తిగా బొటనవేలు లేకుండా ఎక్కువసేపు ఉండలేం, అవసరమూ లేదు. కానీ రోజూ రెండు నిమిషాలు ఇలా చేస్తే చేతికి విషయం తెలుస్తుంది: బొటనవేలు తోడు నిలబడటానికే గానీ యుద్ధానికి కాదు.

మరి తోడు ఎక్కడ నిలబడాలి? మెడ వెనక, సుమారు మధ్య గీత దగ్గర, చూపుడు వేలికీ మధ్య వేలికీ ఎదురుగా. మనలో చాలామంది స్టీల్ తీగల గిటారు మీద సినిమా పాటల కార్డ్స్‌తో మొదలుపెట్టినవాళ్ళం. అక్కడ మెడ సన్నం, నట్ దగ్గర వెడల్పు 43 మి.మీ. అటూ ఇటూ. బొటనవేలు పైనుంచి తొంగిచూసినా నడిచిపోతుంది. క్లాసికల్ గిటార్ నట్ మామూలుగా 52 మి.మీ. ఆ వెడల్పు మీద బొటనవేలు పైకెక్కితే అరచేయి మెడకి అతుక్కుపోతుంది, చిటికెన వేలు సగం పొట్టిదైపోతుంది. ఇది కొత్త గొడవ కూడా కాదు. ఫెర్నాండో సోర్ 1830లో పారిస్‌లో వేసిన గిటార్ పద్ధతి పుస్తకంలోనే బొటనవేలు మెడ వెనకే ఉండాలని వాదించాడు. దాదాపు రెండొందల ఏళ్ళ తర్వాత నేను అదే తప్పు హాస్టల్ గదిలో చేశా.

అసలు దీనంతటికీ ముందు కూర్చోవడం ఉంది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, గిటారు కుడి తొడ మీద పెట్టుకుని వాయిస్తే మెడ నేలకి సమాంతరంగా ఉంటుంది, ఎడమ మణికట్టు మడత పడుతుంది. మడత పడ్డ మణికట్టుతో వేళ్ళకి బలం రాదు. కావాలంటే ఇప్పుడే మణికట్టుని లోపలికి బాగా వంచి పిడికిలి గట్టిగా బిగించి చూడండి. బిగుసుకోదు. కుర్చీ అంచున కూర్చుని, ఎడమ పాదం కింద ఎత్తు పెట్టుకుని, గిటారు ఎడమ తొడ మీదకి తెచ్చి, తల భాగం మీ కళ్ళ ఎత్తుకి వచ్చేలా మెడని ఏటవాలుగా నిలపండి. మణికట్టు దానంతటదే తిన్నగా అవుతుంది. ఫుట్‌స్టూల్ కొనేదాకా నేను గ్రేవాల్ మ్యాథ్స్ పుస్తకం వాడా. సెమిస్టర్ మొత్తంలో అది నాకు అంతగా ఉపయోగపడింది అప్పుడే.

ఇప్పుడు మనవాళ్ళకి నచ్చే భాగం. ఎక్కడ నొక్కాలి?

సింప్లీ సపోర్టెడ్ బీమ్ గుర్తుందా? రెండు సపోర్టుల నడుమ బరువు పెడితే, ఏ సపోర్టుకి దగ్గరగా పెడితే దాని మీద ఎక్కువ వాటా పడుతుంది. తీగ కూడా అంతే. రెండు ఫ్రెట్ల నడిమధ్యన నొక్కితే మీ బలంలో సుమారు సగం వెనక ఫ్రెట్‌కి పోతుంది, అక్కడ మనకేం పని లేదు. మనకి కావాల్సింది ముందు ఫ్రెట్ మీద, అంటే గిటారు పెట్టె వైపున్న ఫ్రెట్ మీద, తీగ కదలకుండా ఆనడం. దానికి వేలిని ఆనించినంత దగ్గరగా నొక్కితే వాటా దాదాపు మొత్తం దానికే. ఫ్రెట్ లోహం మీదకి ఎక్కకూడదు, ఎక్కితే శబ్దం మూగబోతుంది. ఆ లోహానికి వెంట్రుకవాసి వెనక.

నా దోమ రహస్యం ఇక్కడే ఉంది. చిటికెన వేలు చాలినంత దూరం వెళ్ళలేక, పదకొండో ఫ్రెట్‌కి బాగా వెనక, పదో ఫ్రెట్ దగ్గర్లో పడుతోంది. వాటా అంతా పదో ఫ్రెట్‌కే. పదకొండు దగ్గర తీగ వదులుగా ఆని కొట్టుకుంటోంది. నేను బలం పెంచాను గానీ చోటు మార్చలేదు.

ఎంత నొక్కాలో తేల్చడానికి సార్ చెప్పిన పని ఇది. వేలిని తీగ మీద ఊరికే తాకించి ఉంచండి, కుడిచేత్తో మీటుతూ ఉండండి. "టక్ టక్" అని మూగగా వస్తుంది. మెల్లగా బరువు పెంచండి. కాసేపటికి "జ్‌జ్" అంటుంది. ఇంకాస్త. ఒక్కసారిగా స్వరం విచ్చుకుంటుంది. అక్కడ ఆగండి. ఇప్పుడు తగ్గించుకుంటూ రండి, మళ్ళీ జ్‌జ్ వచ్చేదాకా. ఆ అంచు ఎక్కడుందో వేలికి తెలియాలి. నైలాన్ తీగల బిగువు స్టీల్ తీగల కన్నా చాలా తక్కువ, కాబట్టి ఆ అంచు మీరు ఊహించినదానికన్నా చాలా ముందే వస్తుంది. అంతకుమించి నొక్కిన బలమంతా చెక్కకి ఇచ్చిన దానం. ఒక హెచ్చరిక: అంచు అసలు దొరకకపోతే, ఏ వేలు పెట్టినా బలం చాలకపోతే, తప్పు చేతిది కాకపోవచ్చు. పన్నెండో ఫ్రెట్ మీద తీగ ఎత్తు స్కేలు పెట్టి కొలవండి. మొదటి తీగకి 3, ఆరో తీగకి 4 మి.మీ. చుట్టుపక్కల ఉంటే మామూలే. 5, 6 ఉంటే ముందు గిటారుని బాగుచేయించండి.

చాపడం సంగతికి వద్దాం. "నా వేళ్ళు పొట్టి సార్" అన్నా ఒకరోజు. ఆయన ఏం మాట్లాడకుండా స్కేలు చేతికిచ్చారు. గదికొచ్చి కొలిచాక కాలిక్యులేటర్ తీశా. మామూలు క్లాసికల్ గిటార్ తీగ పొడవు 650 మి.మీ. ఒక్కో ఫ్రెట్ దాటినకొద్దీ మిగిలిన పొడవు 2 కి పన్నెండో మూలంతో, అంటే 1.0595 తో భాగించుకుంటూ పోతుంది. అలా లెక్కేస్తే నట్ నుంచి మొదటి ఫ్రెట్ 36.5 మి.మీ. దూరంలో ఉంటుంది, పదకొండుకీ పన్నెండుకీ మధ్య 19.3 మి.మీ. మాత్రమే. ఫ్రెట్‌కి ఒక వేలు చొప్పున నాలుగు వేళ్ళు పరిస్తే, ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో దాకా 97.6 మి.మీ. అదే అయిదు నుంచి ఎనిమిదికి 77.5. తొమ్మిది నుంచి పన్నెండుకి 61.5.

మరి నన్ను ఏడిపించిన చోటు? ఏడు నుంచి పదకొండు: 89.5 మి.మీ. ఒకటో ఫ్రెట్ దగ్గర మొదటి వారంలోనే అందరం నేర్చుకునే స్కేలు కన్నా 8 మి.మీ. తక్కువ! అక్కడ అందుతున్న వేళ్ళకి ఇక్కడ అందకపోవడం ఏమిటి? అంటే పొడవు సమస్య కాదు. బారే కోసం చూపుడు వేలూ బొటనవేలూ కలిపి బిగించేసరికి అరచేయి మొత్తం గడ్డకట్టేస్తోంది. మూసిన గొడుగుతో నీడ కావాలంటే ఎలా?

ఈ లెక్క వల్ల రెండు పనులు మారాయి. ఒకటి, నాలుగు వేళ్ళ సాధన ఒకటో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టడం మానేశా. పుస్తకాలు చాలావరకు అక్కడే మొదలుపెడతాయి, ఎందుకంటే స్వరాల పేర్లు అక్కడ తేలిక. చేతికి మాత్రం అదే అన్నిటికన్నా కష్టమైన చోటు. ఏడో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, వారానికో ఫ్రెట్ చొప్పున కిందికి దిగా. రెండోది, చాపే దిశ మార్చా. చూపుడు వేలు పెట్టి చిటికెన వేలిని ముందుకి లాగడం కాదు. చిటికెన వేలిని ముందు దాని ఇంట్లో కూర్చోబెట్టి, చూపుడు వేలిని వెనక్కి చాపాలి. చిటికెన వేలు పక్కకి పెద్దగా వెళ్ళదు, చూపుడు వేలికి స్వేచ్ఛ ఎక్కువ. బలహీనుడికి దగ్గర సీటు ఇచ్చి, బలవంతుణ్ణి నడిపించడం అన్నమాట.

బారే గురించి మనకున్న పెద్ద భ్రమ ఆరు తీగలూ సమానంగా నొక్కాలని. అక్కర్లేదు. నా దగ్గరున్న ప్రతిలో ఆ చోట చూపుడు వేలు నిజంగా మోగించేది మొదటి, రెండో, ఆరో తీగలని మాత్రమే. మూడో తీగని ఎనిమిదో ఫ్రెట్‌లో వేరే వేలు పట్టుకుంటుంది. నాలుగూ అయిదూ మోగనే మోగవు. అంటే చూపుడు వేలు మధ్యలో కాస్త విల్లులా వంగినా నష్టం లేదు. వేలి మెత్తటి ముందు భాగం కాకుండా, బొటనవేలి వైపున్న గట్టి పక్కభాగం తీగల మీదకి వచ్చేలా కొంచెం దొర్లించండి. కీళ్ళ దగ్గర మడతల్లో తీగ పడుతుంటే వేలిని అరంగుళం పైకో కిందికో జరపండి. ఇక బలం? మోచేయి బరువుగా కిందికి వేలాడుతూ, చేయి మొత్తం కొద్దిగా వెనక్కి, మీ వీపు వైపు, లాగుతున్నట్టు ఊహించుకోండి. పిండటం లేదు, లాగుతున్నారు. ఉరుగ్వేకి చెందిన అబెల్ కార్లెవారో అనే గురువు ఎడమచేతి పాఠమంతా దాదాపు దీని చుట్టూనే అల్లాడు: వేళ్ళని నడిపించాల్సింది చేయి, చేతిని వేళ్ళు ఈడ్చుకుపోకూడదు.

వేళ్ళ స్వాతంత్ర్యానికి వద్దాం. అరచేతిని బల్ల మీద పెట్టి, మధ్య వేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని పైకెత్తి చూడండి. లేవదు. చేతి వెనక ఆ వేళ్ళ నరాలు (కండరాల తాళ్ళు అనాలేమో) ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఇది మీ బద్ధకం కాదు, అందరికీ ఉన్న నిర్మాణం. కాబట్టి వేళ్ళని పైకి ఎత్తే సాధన కన్నా, ఎత్తకుండా ఉంచే సాధన చేయాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నాలుగు వేళ్ళూ వరసగా పెట్టండి, పెట్టిన వేలు తీయొద్దు. నాలుగూ పడ్డాక మొదటి వేలిని మాత్రమే పక్క తీగ మీదకి పంపండి, మిగతా మూడూ ఉన్నచోటే. తర్వాత రెండోది. సాలెపురుగు నడకలా ఉంటుంది. స్కాట్ టెనెంట్ 'పంపింగ్ నైలాన్' పుస్తకంలో ఈ సాలెపురుగు రకాలు ఉన్నాయి, మన లైబ్రరీలో వెతక్కండి, దొరకదు. మెట్రోనోమ్ 60 మీద, దెబ్బకొక కదలిక, అంతకన్నా వేగం వద్దు. వేగం పెంచితే తప్పు కూడా వేగంగా వంటబడుతుంది.

దీనికి తోడు ఫోన్‌ని స్లో మోషన్‌లో పెట్టి ఎడమచేతిని తీసి చూసుకోండి. నా వీడియో చూసి సిగ్గేసింది. మూడో వేలు పని చేస్తున్న ప్రతిసారీ చిటికెన వేలు టీ కప్పు పట్టుకున్న దొరలా ఆకాశంలోకి లేస్తోంది. అంత ఎత్తునుంచి దిగేసరికి ఆలస్యం, దిగేది కూడా గురి తప్పి. తీగకి సెంటీమీటరు లోపే ఉంచడం అలవాటవ్వడానికి నాకు నెలన్నర పట్టింది. దాని తర్వాత నేను వేగం కోసం విడిగా ఏమీ చేయలేదు, అదే వచ్చింది.

ఒక చోట స్థానం నుంచి ఇంకో చోటికి జరగడం గురించి కాస్తే చెప్తా. టారెగా రాసిన 'లాగ్రిమా' మొదటి కొలతలో మొదటి తీగ మీద 4, 5, 7 ఫ్రెట్లు, వాటితోపాటు నాలుగో తీగ మీద 2, 4, 6 వస్తాయి. 5-4 నుంచి 7-6 కి వెళ్ళేటప్పుడు చేతి ఆకారం మారదు, అవే రెండు వేళ్ళు రెండు ఫ్రెట్లు ముందుకి జరగాలంతే. జరిగేముందు బరువు తీసేయండి కానీ తీగని వదలొద్దు, పట్టాలమీద రైలులా జారండి. అయితే నాలుగో తీగకి లోహం చుట్టి ఉంటుంది కాబట్టి దాని మీద వేలు రుద్దితే "కీచ్" అంటుంది. అందుకే మొదటి తీగ మీది వేలు పట్టాగా ఉండాలి, నాలుగో తీగ మీది వేలు కొంచెం లేచి రావాలి. కళ్ళు మాత్రం వేలు ఉన్న ఫ్రెట్‌ని కాదు, వెళ్ళబోయే ఫ్రెట్‌ని చూడాలి. ఊళ్ళో బండి నడిపే వాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

మన సంగీతం నేర్చుకుని వచ్చినవాళ్ళకి ఒక మాట. మా ఇంట్లో వీణ ఉంది, మా పెద్దమ్మ వాయిస్తుంది. సెలవులకి వెళ్ళినప్పుడు నా గిటారు చూసి, "నాలుగు వేళ్ళెందుకురా, మాకు రెండు చాలు" అంది. నిజమే, వీణ మీద ఎడమచేతికి ప్రధానంగా చూపుడు, మధ్య వేళ్ళే. కానీ ఆ రెండు వేళ్ళూ మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం తీస్తాయి, ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పుట్టిస్తాయి. చిన్నప్పుడు అది చూస్తూ పెరిగిన నా వేళ్ళు గిటారు మీద కూడా తెలియకుండా తీగని పక్కకి లాగేవి. ఒక్క స్వరమైతే అందమే. కార్డ్ పట్టినప్పుడు మాత్రం ఒక తీగ కాస్త పైకి పోయి మొత్తం అపశ్రుతి. ట్యూనర్ సరిగ్గా ఉందంటుంది, చెవి లేదంటుంది. వారం రోజులు తీగలని తిట్టాక తెలిసింది, తప్పు నాదని. క్లాసికల్ గిటార్‌లో స్వరాన్ని ఊపాలంటే మామూలుగా తీగ పొడవునే, నట్ వైపుకీ బ్రిడ్జ్ వైపుకీ ఊపుతారు. పెద్దమ్మకి అది చేసి చూపిస్తే, "ఇదేం గమకంరా, చలికి వణికినట్టుంది" అంది.

నా రోజువారీ సాధన ఇప్పుడు ఇంత: రెండు నిమిషాలు బొటనవేలు లేకుండా, మూడు నిమిషాలు ఆ జ్‌జ్ అంచు వెతకడం, అయిదు నిమిషాలు సాలెపురుగు, తర్వాత పాట. బారే ఉన్న చోట్లు వరసగా అయిదు నిమిషాలకి మించి చేయను, మధ్యలో చేయి కిందికి వదిలేసి విదిలిస్తా. ఎడమచేతి గోళ్ళు వారానికోసారి పూర్తిగా కత్తిరిస్తా, గోరు ఉంటే వేలి కొస నిలువుగా దిగదు. వేలి కొసల మీద మంట మామూలే, కాయ కాస్తే పోతుంది. మణికట్టులో, బొటనవేలి మొదట్లో, ముంజేతిలో నొప్పి గానీ, వేళ్ళలో తిమ్మిరి గానీ వస్తే మాత్రం ఆ క్షణమే ఆపేయండి. రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. "ఓర్చుకుంటే పోతుంది" అని చెప్పే సీనియర్ మాట వినొద్దు. నాకు చెప్పాడు, విన్నాను.

ఇక ఆ పదకొండో ఫ్రెట్. బొటనవేలిని మధ్య వేలికి ఎదురుగా జరిపి, మోచేతిని ఒంటికి అతికించకుండా కొంచెం బయటికి వదిలి, చేతిని మొదటినుంచే చిటికెన వేలికి అనుకూలంగా తిప్పి పెట్టుకుంటున్నా. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు శుభ్రంగా పలుకుతోంది. మొన్న రాత్రి మొత్తం పాట ఆపకుండా వాయించా. అయ్యాక రూమ్మేట్ ఫోన్ పక్కన పెట్టి, "ఏంట్రా, ఇవాళ దోమ రాలేదు?" అన్నాడు. నేను మళ్ళీ మొదలుపెట్టా. ఈసారి వచ్చింది.